తమ్ముణ్ణి ఏ సెంటర్‌లో చేర్పించాలి అంటే: నెల గడిచాక ఏం చేస్తారో ముందు అడగండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను చెల్లెమ్మా. తమ్ముడికి 34 ఏళ్లు, చాలాకాలంగా తాగుతున్నా ఈ ఏడాది నుంచే పొద్దున లేవగానే కావాల్సి వస్తోంది, మరదలు పాపని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. తాగుడు మాన్పించే ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ వాళ్లు ఆరు నెలలు ఉంచాలి, మూడు నెలల డబ్బు ముందే కట్టాలి, రానంటే మా మనుషులే రాత్రిపూట వచ్చి బండిలో ఎక్కించుకుపోతారు అన్నారు. ఇంకోపక్క మీకు 40 కిలోమీటర్ల దూరంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే సెంటర్ ఉంది, అక్కడ నెల రోజులే, డబ్బు దాదాపు అక్కర్లేదు. ఫ్రీగా చేసేవాళ్లు సరిగ్గా చూస్తారా, నెలలో ఏం మారుతుంది, పోయినేడు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు మానేసినవాడే మాల తీసిన రాత్రే తాగాడు కదా అని మీ భయం.

నేను పదమూడేళ్లుగా అలాంటి ఒక ట్రస్టు సెంటర్‌లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. అంతకు ముందు తొమ్మిదేళ్లు నేనూ తాగాను. నన్ను కూడా మా బంధువులు ఒకసారి మీకు చెప్పినట్టే రాత్రిపూట బండిలో ఎక్కించి ఒక చోటికి పంపారు. అక్కడ మొదటిరోజే గుండు కొట్టించారు, గదికి బయట గొళ్లెం పెట్టారు, డాక్టరు వారానికోసారి వచ్చేవాడు. మూడో రోజు నాకు ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కుపోయింది. పక్కనున్న పేషెంటే నా తలకింద దుప్పటి మడిచి పెట్టి నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. ఆ రోజు అతను లేకపోతే నేను ఈ జవాబు రాసేవాణ్ణి కాదు. కాబట్టి "మా మనుషులు వచ్చి తీసుకెళ్తారు" అన్న మాట మీ పోస్టులో చూడగానే నాకు గుండె దడదడలాడింది. దయచేసి ఆ పని చేయకండి, కారణాలు కింద చెప్తాను.

ముందు ఆ మాల సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ప్రశ్నకి జవాబు అందులోనే సగం ఉంది. దీక్షలో ఉన్నప్పుడు మీ తమ్ముడి రోజు ఎలా గడిచిందో గుర్తు తెచ్చుకోండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్ల బట్టలు, కాళ్లకి చెప్పుల్లేవు, వీధిలో చిన్నా పెద్దా అందరూ "స్వామీ" అనే పిలుస్తారు. రోజూ ఏ టైముకి దుకాణం దగ్గర నిలబడేవాడో సరిగ్గా అదే టైముకి పీఠం దగ్గర భజనలో కూర్చున్నాడు. పక్కన పదిమంది తోటి స్వాములు, పైన గురుస్వామి. తాగాలనిపించినా మాలతో దుకాణం మెట్లు ఎక్కలేడు, ఎక్కినా అమ్మేవాడే వద్దంటాడు. ఇన్ని చేతులు కలిసి పట్టుకున్నాయి కాబట్టి 41 రోజులు నిలబడ్డాడు. మాల తీసిన రోజు ఆ చేతులన్నీ ఒక్కసారే వదిలేశాయి. స్నానం లేదు, భజన లేదు, తోడు లేదు, మళ్లీ పాత పేరు, పాత స్నేహితులు, పాత ఏడుగంటల సాయంత్రం. వాడిలో సంకల్పం లేక పడిపోయాడని మీరంతా అనుకుంటున్నారు, నాకైతే 42వ రోజుకి ఎవరూ ఏర్పాటు చేయలేదనే కనిపిస్తోంది.

మందు మానడం వేరు, మానేసి ఉండటం వేరు. సెంటర్‌ని ఎంచుకునేటప్పుడు అందరూ మొదటిదాని గురించే అడుగుతారు: ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, ఏసీ ఉందా, గేటు గట్టిదేనా. నేను మిమ్మల్ని అడగమనేది ఒక్కటే ప్రశ్న. "డిశ్చార్జ్ అయిన మర్నాటి నుంచి ఏడాది పాటు మీరేం చేస్తారు?" ఫోన్‌లోనే అడగండి. తడుముకోకుండా చెప్తే, అంటే ఎవరు ఫోన్ చేస్తారు, ఎన్ని రోజులకోసారి రమ్మంటారు, ఇంటికి ఎవరైనా వస్తారా, మళ్లీ తాగితే ఏం చేస్తారు, ఇవన్నీ వరసగా చెప్తే ఆ సెంటర్ పనిచేస్తున్న సెంటర్. "ముందు చేర్పించండి, అవన్నీ తర్వాత చూద్దాం" అంటే ఇంకో చోటు వెతుక్కోండి, అది ట్రస్టు అయినా సరే, కార్పొరేట్ అయినా సరే.

ఇప్పుడు ఫ్రీ గురించి. మన దేశంలో ఈ పని లాభాపేక్ష లేకుండా మొదలుపెట్టి ఒక పద్ధతిగా నిలబెట్టినవాళ్లలో చెన్నైలోని శాంతి రంగనాథన్ గారిని ముందు చెప్పుకోవాలి. మద్యం వల్లే భర్తను పోగొట్టుకున్న ఆవిడ 1980లో ఆయన పేరు మీద టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు, అందరూ టీటీకే ఆస్పత్రి అంటారు. 1992లో ఆవిడకి పద్మశ్రీ ఇచ్చారు. అక్కడ తాగేవాడికే కాదు, ఇంట్లోవాళ్లకి కూడా విడిగా క్లాసులు ఉంటాయి. తమిళనాడులో మంజక్కుడి లాంటి పల్లెలకి వాళ్లే వెళ్లి అక్కడే శిబిరం పెట్టి చికిత్స చేశారు, ఊరు ఊరంతా చూస్తుండగా. ఆ ఊళ్లో మానేసినవాడికి ఊరే కాపలా. నేను చెప్పేది, ఈ రంగంలో మంచి పని చాలావరకు ఇలాంటి సంస్థల నుంచే వచ్చింది, కాబట్టి ఫ్రీ అనగానే నాసిరకం అనుకోవద్దు.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే ఇలాంటి కేంద్రాలను ఐఆర్‌సీఏ (ఇంటిగ్రేటెడ్ రిహాబిలిటేషన్ సెంటర్ ఫర్ అడిక్ట్స్) అంటారు, బోర్డు మీద ఆ నాలుగు అక్షరాలు ఉంటాయి చూడండి. మీ దగ్గర్లో ఉన్నది అదో కాదో తెలుసుకోవాలంటే 14446కి ఫోన్ చేయండి, అది ఆ శాఖ వాళ్ల టోల్ ఫ్రీ నంబరే. అలాంటి చోట్ల భోజనం సాదాగా ఉంటుంది, మంచాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఫ్యాను శబ్దం చేస్తుంది. గ్రాంటు ఆలస్యమైతే స్టాఫ్ జీతాలు ఆగుతాయి, మా దగ్గర రెండుసార్లు అలా జరిగింది, ఊళ్లోవాళ్లు పిల్లల పుట్టినరోజులకి పంపే బియ్యం, కూరగాయలతో నెట్టుకొచ్చాం. అయినా ఒక పెద్ద తేడా ఉంది. నెలకింత అని తీసుకునేవాడికి మీ తమ్ముడు ఎన్ని నెలలు ఉంటే అంత ఆదాయం. మాకు ఉన్న మంచాలే కొన్ని, బయట లైన్‌లో జనం ఉంటారు, ఒకడు బాగై బయటపడితేనే ఇంకొకడికి మంచం దొరుకుతుంది. ఆరు నెలలు ఎందుకు అని ఆ ప్రైవేటు వాళ్లని అడిగి చూడండి, వైద్యపరంగా ఏం కారణం చెప్తారో. మందు ఒంట్లోంచి దిగిపోవడానికి వారం, పది రోజులు చాలు, తర్వాత మూడు వారాలు మనసుకి. కొందరికి ఇంకా ఎక్కువ కాలం అవసరమే, నేను కాదనను, కానీ అది మనిషిని చూశాక చెప్పాల్సిన మాట. చూడకుండా ఫోన్‌లోనే ఆరు నెలలు అన్నారంటే అది చికిత్స ప్రకారం వేసిన లెక్క కాదు.

బలవంతంగా ఎత్తుకెళ్లడం గురించి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కేసింది. కాబట్టి పేషెంట్లను ఉంచుకునే డీఅడిక్షన్ సెంటర్‌కి స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ చూపించమని అడిగే హక్కు మీకుంది. మనిషి ఇష్టపడి చేరితే ఇష్టమైనప్పుడు వెళ్తానని అడగవచ్చు. ఇష్టం లేకుండా చేర్చాలంటే దానికి వేరే దారి ఉంది: తనకో ఇతరులకో హాని చేసే పరిస్థితి, లేదా తనను తాను చూసుకోలేని స్థితి ఉండాలి, అతని తరఫు ప్రతినిధి రాతపూర్వకంగా అడగాలి, ఒక సైకియాట్రిస్టుతో కలిపి ఇద్దరు విడివిడిగా పరీక్ష చేసి అవసరమని తేల్చాలి, అదీ 30 రోజుల వరకే. అంతకు మించితే మళ్లీ వేరే విధానం. గొలుసులతో కట్టకూడదు, ఒంటరి గదిలో పెట్టి శిక్షించకూడదు, బలవంతంగా గుండు చేయకూడదు, పని చేయించుకోకూడదు, ఇంటివాళ్లతో ఫోన్ మాట్లాడనివ్వాలి. నాకు జరిగినదాంట్లో ఎన్ని తప్పులున్నాయో ఈ చట్టం చదివాకే నాకు అర్థమైంది. బౌన్సర్లని పంపే సెంటర్ మొదటి రాత్రే చట్టం దాటుతోంది, మిగతా ఆరు నెలలు లోపల ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పైగా మీ తమ్ముడు జీవితంలో మర్చిపోడు. అలా వచ్చినవాళ్లు నా దగ్గర రెండో చికిత్సకి వచ్చినప్పుడు మొదటి పది రోజులు మందు గురించి మాట్లాడరు, "మా అక్కే నన్ను పట్టించింది" అన్న మాట మీదే ఉంటారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది ప్రాణాలకి సంబంధించింది కాబట్టి జాగ్రత్తగా చదవండి. పొద్దున లేవగానే తాగితేగానీ చేతులు నిలవని దశకి వచ్చినవాడితో ఇంట్లో హఠాత్తుగా మాన్పించకండి. గదిలో పెట్టి తాళం వేయడం, డబ్బు లాక్కోవడం, ఒట్టు వేయించుకోవడం, ఈ ఏడు మళ్లీ మాల వేయిద్దాం అనుకోవడం, ఏదీ వద్దు. పోయినేడు అలా మాని తట్టుకున్నాడు కదా అనుకోవచ్చు, కానీ అప్పటికి ఉదయం తాగుడు లేదని మీరే రాశారు. ఆఖరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, జ్వరం, బీపీ పెరుగుతాయి, వైద్యం అందకపోతే ప్రాణం పోయే స్థితి అది. దేవుడి మీద భక్తి ఎంత ఉన్నా నరాలు వాటి పని అవి చేస్తాయి. మాల వేయాలనుకుంటే చికిత్స అయ్యాక వేయండి, అప్పుడు అది వాడికి నిజంగా ఆసరా అవుతుంది.

మీది నల్గొండ వైపు అన్నారు, అందుకని ఇంకొకటి. మీ తమ్ముడు బ్రాందీ విస్కీ ఒక్కటేనా, కల్లు దుకాణానికి కూడా వెళ్తాడా కనుక్కోండి. చాలా చోట్ల కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్ కలుపుతున్నారు, తాగేవాడికి తెలియకుండానే మత్తు మాత్రలకి కూడా బానిసవుతాడు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం వరస కట్టింది అందుకే. ఈ మాత్రల విత్‌డ్రాయల్, అంటే అవి ఆగాక వచ్చే బాధలు, తాగుడు మానినప్పటి కంటే ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు ఉండొచ్చు, డాక్టరుకి ముందే తెలిస్తే దానికి తగ్గట్టు మందులు తగ్గించుకుంటూ వస్తారు. సిగ్గుపడి దాచొద్దు.

మంచి సెంటర్‌లో మొదటి మూడు రాత్రులు ఎలా ఉంటాయో చెప్తాను, మీరు చూడలేరు కాబట్టి. కొత్తగా వచ్చినవాడికి మేము టీ సగం గ్లాసే పోస్తాం. నిండా పోస్తే వణుకుతున్న చేతుల్లోంచి ఒలికి కాళ్లు కాల్చుకుంటాడు, అందరి ముందు సిగ్గుపడతాడు. స్టీలు గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, గ్లాసుని పైకెత్తకుండా తలనే కిందకి వంచి తాగుతాడు. నేనూ అలాగే తాగాను. నర్సు నాలుగు గంటలకోసారి వచ్చి నాడి, బీపీ చూస్తుంది, చేతులు చాపమంటుంది, చెమట ఎంత పట్టిందో చూస్తుంది, ఇవాళ ఏ రోజు, ఇది ఏ ఊరు అని అడుగుతుంది. దాన్ని బట్టి క్లోర్‌డయాజిపాక్సైడ్ గానీ, లివర్ దెబ్బతిని ఉంటే లొరాజిపామ్ గానీ ఇస్తారు, రోజురోజుకీ తగ్గించుకుంటూ వారంలో ఆపేస్తారు. బీ1 విటమిన్ ఇంజెక్షన్ తప్పనిసరిగా ఉండాలి, ఏళ్లతరబడి తిండి తినకుండా తాగినవాళ్లకి అది తక్కువై మెదడు దెబ్బతింటుంది, అది ఇవ్వకుండా నేరుగా గ్లూకోజు సెలైన్ పెట్టేయడం ప్రమాదం. మూడో రాత్రి ఒక పెద్దాయన, ఊళ్లో మేస్త్రీ, గోడ మీద చీమలు పాకుతున్నాయని తెల్లార్లూ చేత్తో తుడుస్తూనే ఉన్నాడు. ఆయన పక్కన కూర్చున్న కుర్రాడు అంతకు ముందు నెల అదే మంచం మీద ఉన్నవాడు, ఇప్పుడు రాత్రి డ్యూటీకి సాయంగా వస్తున్నాడు. "తాతా, నాకు తేళ్లు కనపడ్డాయి, పొద్దున్నకి పోయాయి, నీ చీమలూ పోతాయి" అన్నాడు. డాక్టరు మాత్ర ఎంత పని చేసిందో ఆ మాట అంత పని చేసింది అని నా నమ్మకం. మీరు సెంటర్ చూడటానికి వెళ్లినప్పుడు రాత్రిపూట నర్సు ఉంటుందా, ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, ఇక్కడ బాగైనవాళ్లు ఎవరైనా పనిచేస్తున్నారా, ఈ మూడూ అడగండి.

వారం గడిచాక అసలు పని మొదలవుతుంది. గ్రూప్‌లో కూర్చోవడం, ఒక్కొక్కరూ మాట్లాడటం, కౌన్సెలర్‌తో విడిగా మాట్లాడటం, యోగా, వంటగదిలో ఇష్టమైతే చేయి వేయడం. బయటినుంచి చూసేవాళ్లకి ఊరికే కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. దీని గురించి ఎక్కువ రాయను, వాడు లోపలికి వెళ్లాక వాడికే తెలుస్తుంది. ఆదివారం సంగతి మాత్రం మీకు చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు మీకోసం.

ఆదివారం ఇంటివాళ్లు వస్తారు, టిఫిన్ క్యారియర్లు పట్టుకుని. తిండి పెట్టి వెళ్లిపోదామనుకుంటారు, మేము కూర్చోబెడతాం. పోయిన నెల ఒక తల్లి వచ్చింది. కొడుకు పనిచేసే షాపు యజమానికి ప్రతి సోమవారం ఫోన్ చేసి "మావాడికి జ్వరం బాబూ" అని చెప్పేదట, నాలుగేళ్లు చెప్పింది. అప్పులవాళ్లు వస్తే చెవులకున్న కమ్మలు తాకట్టు పెట్టింది. "నేను కాకపోతే ఎవరు చూస్తారు" అని ఏడ్చింది. ఆవిడ తప్పు చేసిందని ఎవరూ అనలేదు. కానీ ఇకనుంచి సోమవారం ఫోన్ కొడుకే చేసుకోవాలి, తాగి పనికి పోలేకపోతే ఆ మాట వాడే చెప్పుకోవాలి, ఆ బరువు వాడి భుజం మీదే ఉండాలి అని నేర్పించడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. మీ అమ్మగారు అప్పులు కట్టారని రాశారు కదా, ఆవిణ్ణి తప్పకుండా తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లు రాకపోయినా ఫర్వాలేదు అనే సెంటర్ నాకు నచ్చదు. మరదల్ని మాత్రం లాక్కురాకండి. "బాగయ్యాడు కదా, వచ్చెయ్" అని పెద్దమనుషుల్ని పంపడం చాలామంది చేసే పొరపాటు. ఆ అమ్మాయికి కూడా దెబ్బ తగిలింది, నమ్మకం కుదరడానికి టైమ్ పడుతుంది. ఇష్టమైతే ఆదివారం క్లాసుకి రమ్మనండి, కాపురం సంగతి కొన్ని నెలలయ్యాక మాట్లాడుకోవచ్చు.

డిశ్చార్జికి రెండు రోజుల ముందు మేము ఒక తెల్లకాగితం ఇచ్చి, బస్సు దిగిన దగ్గర్నుంచి మీ ఇంటిదాకా దారి గీయమంటాం. అందరూ గీస్తారు, చదువురానివాళ్లు కూడా. గీతలు గీస్తూ గీస్తూ ఒక చోట చెయ్యి ఆగుతుంది. అదే బెల్టు షాపు. కొందరి కాగితం మీద అది నాలుగు చోట్ల ఉంటుంది, కిరాణా కొట్టు వెనక ఒకటి, పాన్ డబ్బా ఒకటి. అప్పుడు వేరే రంగు పెన్ను ఇచ్చి ఇంకో దారి గీయిస్తాం. చుట్టూ తిరిగి చెరువు కట్ట మీదుగా పోయినా సరే. ఒకాయనకి ఏ దారీ దొరకలేదు, ఆయన ఇంటికి ఎదురుగానే షాపు ఉంది. మొదటి మూడు నెలలు తోడల్లుడి ఊళ్లో ఉండి పని చేసుకున్నాడు. 1992లో దూబగుంట రోశమ్మ గారు, నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లారంటే ఈ కాగితం అర్థం వాళ్లకి ముందే తెలుసు. 1993లో ఉమ్మడి రాష్ట్రంలో సారా ఆపారు, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. దుకాణం మూయడం గురించి ఇంత జరిగింది గానీ, అప్పటికే బానిసైనవాడికి వైద్యం ఎక్కడ అనే గొడవ అంత గట్టిగా వినపడలేదు. కేంద్రం, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స గానీ సాయం గానీ అందిందని అందులో ఉంది. మీరు ఇవాళ ఇక్కడ అడిగారంటే మీ తమ్ముణ్ణి ఆ ఒక్కడిగా చేయాలనే కదా.

ఇక తర్వాతి ఏడాది. మొదటి మూడు నెలలు వారానికో ఫోన్, నెలకోసారి రావడం, డాక్టరు రాస్తే నాల్ట్రెక్సోన్ లాంటి యావ తగ్గించే మాత్రలు, వాటికి ముందు లివర్ టెస్టు. డైసల్ఫిరామ్ అని ఇంకో మాత్ర ఉంది, అది వేసుకుని తాగితే ఒళ్లంతా మంటలెత్తి వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం జరుగుతాయి. తెలిసి, ఒప్పుకుని వేసుకునేవాడికి అది పనికొస్తుంది. వాడికి తెలియకుండా మజ్జిగలో కలిపి పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి, ఎవరు చెప్పినా సరే. గోడల మీద, టీవీలో "తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం" అని పేరులేని పొడులు అమ్మేవాళ్ల జోలికి కూడా వెళ్లొద్దు, అందులో ఏముందో మీకు తెలియదు.

మాత్రల కంటే నేను ఎక్కువ నమ్మేది మీటింగులని. ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏఏ అంటారు, మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు, పేరు పూర్తిగా చెప్పక్కర్లేదు, హైదరాబాద్, విజయవాడ, విశాఖలో తెలుగులోనే మీటింగులు జరుగుతాయి. సాయంత్రం ఏడింటికి, అంటే తాగే టైముకే, పదిమంది కూర్చుంటారు. పీఠం దగ్గర భజన ఏ పని చేసిందో ఇదీ ఆ పనే చేస్తుంది, కాకపోతే ఇది 41 రోజులకి అయిపోదు. ఇంటివాళ్లకి అల్-అనాన్ అని విడిగా ఉంది. నేను ఇప్పటికీ వారానికి రెండు మీటింగులకి వెళ్తాను.

మళ్లీ తాగితే? తాగొచ్చు. సంక్రాంతి కనుమ రోజు, పెళ్లిళ్లు, ఎవరైనా పోయినప్పుడు దినాల దగ్గర, మొదటి జీతం చేతికొచ్చిన రోజు, ఇవి గండాలు. మొదటి ఏడాది జీతం డబ్బు ఎవరి చేతిలో ఉండాలో వాడితోనే కూర్చుని మాట్లాడుకోండి, లాక్కోవద్దు. జారితే ఆ వారంలోనే సెంటర్‌కి తీసుకురండి, తిట్టకుండా. మా దగ్గర మొదటిసారికే నిలబడినవాళ్లు ఉన్నారు, నాలుగోసారికి నిలబడినవాళ్లూ ఉన్నారు. నేను రెండోసారికి నిలబడ్డాను. మంచి సెంటర్ గేటు దగ్గర "మళ్లీ వచ్చావా" అని అడగరు, "తిన్నావా" అని అడుగుతారు.

మరి ఇప్పుడేం చేయాలి అంటే, రాత్రి తాగి వచ్చినప్పుడు ఏమీ మాట్లాడకండి. పొద్దున పదకొండు ప్రాంతంలో, చేతులు కాస్త నిలిచినప్పుడు, మీరొక్కరే కూర్చోండి. తాగుడు మాట ముందు ఎత్తొద్దు. నిద్ర పడుతోందా, కడుపులో మంట ఎలా ఉంది, చేతులు వణకడం ఎప్పట్నుంచి అని అడగండి. వాటికి భయపడుతూనే ఉంటాడు, బయటికి చెప్పడు అంతే. "ఒకసారి డాక్టరుకి చూపిద్దాంరా, నేనూ వస్తా" అనండి. వద్దంటే వదిలేసి రెండు రోజులాగి మళ్లీ అడగండి. సరే అన్న రోజే బయల్దేరండి, మర్నాటికి వాయిదా వేయొద్దు. అప్పటికి సెంటర్‌లో మంచం ఖాళీ లేకపోతే మీ జిల్లా ప్రభుత్వాస్పత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి, మంచం దొరికేదాకా వాళ్లు చూస్తారు. వాడు ససేమిరా రానంటే మీరైనా, అమ్మగారైనా ముందు సెంటర్‌కి వెళ్లి కౌన్సెలర్‌తో మాట్లాడండి, పేషెంటు లేకుండా ఇంటివాళ్లు వచ్చినా మేము మాట్లాడతాం. అర్ధరాత్రి తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. మధ్యలో ఫిట్స్ వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడినా సెంటర్ కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి.

వెళ్లేటప్పుడు ఆధార్, పాత చీటీలు, రిపోర్టులు, ఆఖరిసారి ఎప్పుడు ఎంత తాగాడో రాసిన కాగితం, రెండు లుంగీలు, నాలుగు చొక్కాలు పెట్టండి. పాప ఫొటో ఒకటి పెట్టండి, వాడికి చెప్పకుండా బట్టల మధ్యలో.